క్యాన్సర్ డాక్టరు ల్యాబుల ఎందుకు కూసుంటడు?

నీట్ కోచింగుకు పోయే పిల్లలను ఏ ఊర్లనన్న అడిగి చూడున్రి. "ఏ డాక్టరు అయితవు బిడ్డా?" అంటే గుండె డాక్టరంటరు, పిల్లల డాక్టరంటరు, తెలివైనోళ్లు న్యూరో అంటరు. "పొద్దుగాల రోగులను చూస్త, మాపటికి ఆ రోగం ఎందుకొచ్చిందో ల్యాబుల కూసొని ఎతుకుత" అనే పిల్ల నాకు ఇప్పటిదాంక తారసపడలే. అది పిల్లల తప్పు కాదు. గసొంటి కొలువు ఒకటి ఉన్నదని వాళ్లకు చెప్పినోళ్లే లేరు.

ఇంగ్లీషుల దాన్ని ఫిజీషియన్ సైంటిస్ట్ అంటరు. తెలుగుల ఇంకా పేరు కుదరలే. నేనైతే పరిశోధక డాక్టరు అంట. క్యాన్సర్ల ఈ పరిశోధక డాక్టరు ఎట్ల తయారైతడు, కొలువుల చేరిన మొదట్ల బతుకు ఎట్లుంటది, మన ఊరి పిల్లలు అండ్ల ఎందుకు కానరారు అన్నదే ఇయ్యాల్టి ముచ్చట. నేను డాక్టరును కాదు. ఊర్లకెల్లి క్యాన్సర్ వచ్చినోళ్లను పట్నం దవాఖానకు తోల్కపోయి, లైన్ల నిలబడి, రిపోర్టులు చదివి, తెల్వనిది నలుగురిని అడిగి నేర్చుకున్నదే నా సదువు. అందుకే లెక్కలు, ఏండ్లు పక్కాగ తెలిసినవే రాస్తున్న.

మామూలు డాక్టరుకు ఒక్క ప్రశ్న ఉంటది. ఈ మనిషికి ఇప్పుడు ఏ మందు ఇయ్యాలె? మామూలు సైంటిస్టుకు ఇంకో ప్రశ్న ఉంటది. ఈ కణం ఎట్ల పనిచేస్తది? ఈ రెండు ప్రశ్నలు ఒక్క తలకాయల పడితే మూడో ప్రశ్న పుడతది. అదే మందు ఇచ్చినం, పక్క మంచమాయన లేచి నడుస్తుండు, ఈయన ఎందుకు లేస్తలేడు? ఈ మూడో ప్రశ్న దవాఖాన వార్డులనే పుడతది, దాని జవాబు మాత్రం ల్యాబుల దొరుకుతది. రెండు తావులకు తిరిగే మనిషి లేకుంటే ప్రశ్న ఇక్కడ, జవాబు అక్కడ ఉండిపోతయి.

ఒక అసలు కథ చెప్త. సీఎంఎల్ అని ఒక రక్త క్యాన్సర్ ఉంటది. తెల్ల కణాలు అదుపు లేకుండ పెరుగుతయి. 1960ల అమెరికాల ఫిలడెల్ఫియా నగరంల ఇద్దరు పరిశోధకులు ఈ రోగుల కణాలల్ల ఒక క్రోమోజోము మామూలు కంటె పొట్టిగ ఉన్నదని పట్టుకున్నరు. ఎందుకు పొట్టిగైంది? 13 ఏండ్ల దాంక ఎవలికీ తెల్వలే. 1973ల చికాగోల జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ చెప్పింది. 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క తెగి ఒకదానికొకటి మారినయని. ఈమెకు నలుగురు కొడుకులు. పిల్లలు చిన్నగున్న రోజులల్ల దవాఖానల సగం పూట పనే చేసింది. క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకొని, అన్నం తినే బల్ల మీద కత్తెరతోని కత్తిరించి జతలు పేర్చుకునేది. పెండ్లైతే సదువు ఆగిపాయె అనుకునే చెల్లెండ్ల కోసం ఈ సంగతి చెప్పిన.

ఆ రెండు ముక్కలు అతుక్కున్న కాడ ఒక పాడు ప్రొటీను తయారైతది. బోరు మోటరు స్టార్టరు అంటుకపోతే ఏమైతది? కరెంటు ఉన్నంతసేపు మోటరు ఆగదు. గదే లెక్క, ఈ ప్రొటీను కణానికి "పెరుగు, పెరుగు" అని చెప్పుడు ఆపదు. 1980లల్ల సైన్సు ఇక్కడిదాంక వచ్చింది. మరి ఆ స్టార్టరును ఆపే మందు ఏది?

బ్రయన్ డ్రూకర్ అనే కుర్ర డాక్టరు ఇక్కడ కథల కొచ్చిండు. డాక్టరు సదువు అయిపోయి, బోస్టన్‌ల క్యాన్సర్ వైద్యం నేర్చుకున్నోడు. మంచిగ ప్రాక్టీసు పెట్టుకుంటే పైసలకు కొదువ లేదు. అది ఇడిచిపెట్టి ల్యాబుల ప్రొటీన్ల మీద కూసున్నడు. ఏండ్లు గడిచినయి. 1993ల ఆ పేరుమోసిన బోస్టన్‌ను వదిలి, దేశం ఆ కొసన ఉన్న పోర్ట్‌లాండ్‌కు మారిండు. అక్కడ చేరంగనే స్విట్జర్లాండ్ మందుల కంపెనీల పనిచేసే నిక్ లైడన్ అనే సైంటిస్టును అడిగిండు, మీ కాడ ఈ ప్రొటీనును ఆపే రసాయనాలుంటే పంపున్రి అని. వచ్చినవాటిల్ల ఒకటి అద్భుతంగ పనిచేసింది. క్యాన్సర్ కణాలు సచ్చినయి, మంచి కణాలు బతికినయి. 1996ల ఆ సంగతి అచ్చయింది.

ఇక మనుషులకు ఇచ్చి చూసుడే కదా అనుకుంటం. అట్ల కాలే. ఈ రోగం వచ్చేటోళ్లు తక్కువ, లాభం రాదని కంపెనీ ఎనకముందాడింది. జంతువుల మీద పరీక్షలల్ల కాలేయానికి దెబ్బ అనే భయం ఇంకొకటి. డ్రూకర్ ఎంటవడ్డడు. ఆయన ఎందుకంత ఎంటవడ్డడంటే, ఆ రోగులు ఆయన ఓపీల ఆయన ముందల కూసున్నోళ్లు. కాగితం మీది సంఖ్యలు కావు. 1998 జూన్‌ల మొదటి రోగికి మందు పడ్డది. ఎక్కువ మోతాదు తీసుకున్న 54 మందిల 53 మందికి రక్తం లెక్కలు మామూలైనయి. క్యాన్సర్ల ఇట్లాంటి సంఖ్య కానొచ్చుడు చానా అరుదు. మందు సరిపోను తయారు చేస్తలేరని 1999ల రోగులే సంతకాలు సేకరించి కంపెనీకి పంపిన్రు. 2001 మే నెలల అమెరికా సర్కారు అనుమతి ఇచ్చింది. మందు పేరు ఇమాటినిబ్. కంపెనీ పెట్టుకున్న పేరు గ్లివెక్.

ఈ కథకు మన హైదరాబాద్ తోక ఉన్నది. అదే మందును మన నాట్కో కంపెనీ తక్కువ ధరకు తయారుచేసింది. అప్పట్ల పెద్ద కంపెనీ మందు నెలకు లక్షకు పైనే, మన దేశం కంపెనీలది పది వేల లోపల ఉండేది. పేటెంటు కావాలని నోవార్టిస్ సుప్రీంకోర్టు దాంక పోయింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు కుదరదన్నది. ల్యాబుల మందు కనిపెట్టుడు ఒక ఎత్తు, అది పేదోడి నోట్లె పడుడు ఇంకో ఎత్తు. రెండోదాని కోసం కొట్లాడినోళ్లల్ల రోగుల సంఘాలు, వకీళ్లు ఉన్నరు. అది వేరే వ్యాసం.

ఇగ సదువు ముచ్చటకు వద్దాం. అమెరికాల దీనికి ఒక తొవ్వ వేసి పెట్టిన్రు. 1964ల వాళ్ల సర్కారు పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఒక పథకం మొదలుపెట్టింది. డాక్టరు డిగ్రీ, పీహెచ్‌డీ కలిపి చదివితే ఫీజు సర్కారు కడతది, నెలనెలా బతకడానికి పైసలిస్తది. డిగ్రీ అయినంక ఇది దాదాపు 8 ఏండ్లు. ఆ తర్వాత దవాఖానల రెసిడెన్సీ, క్యాన్సర్ వైద్యంల ఫెలోషిప్ కలిపి ఇంకో ఐదారేండ్లు. అంటే సదువు ఒడిసేసరికి 35 దగ్గరికొస్తరు. తోటి డాక్టర్లు అప్పటికి ఇల్లు కొని, పిల్లలను బడికి పంపుతుంటరు.

అసలు కష్టం ఆ తర్వాతనే మొదలైతది. సొంత ల్యాబు కావాలంటే సొంత గ్రాంటు తెచ్చుకోవాలె. గ్రాంటంటే మన బ్యాంకు లోను దరఖాస్తు లెక్కనే అనుకో, కాకపోతే పూచీకత్తుకు పొలం కాదు, ఆలోచన పెట్టాలె. నెలల తరబడి రాసి పంపితే ఎక్కువ శాతం తిప్పి పంపుతరు. మళ్ల రాయాలె. కొత్తగ వచ్చిన పరిశోధక డాక్టర్లకు కే08 అని ఒక గ్రాంటు ఉన్నది. దాని షరతు ఏందంటే నీ పనిల నాలుగింట మూడొంతులు పరిశోధనకే పెట్టాలె, దవాఖాన దాన్ని గుంజుకోవద్దు. అంటే వారంల ఒక రోజు, మహా అయితే రోజున్నర ఓపీ, మిగిలింది ల్యాబు. ఈ షరతు ఎందుకు రాసిన్రో ఆలోచించు. రాయకపోతే రోగుల లైను ఎప్పుడూ గెలుస్తది. ముందల ఏడ్సే మనిషిని వదిలి ఎలుకల దగ్గరికి పోవుడు ఎవనికీ మనసు రాదు కదా. ఇంత చేసినా, పెద్ద గ్రాంటు మొదటిసారి చేతికొచ్చేసరికి వీళ్లకు సగటున 40 దాటుతది. 1979లనే ఒక పెద్ద డాక్టరు వీళ్లను అంతరించిపోతున్న జాతి అని రాసిండు. ఆ బాధ అక్కడ ఇంకా తీరలే.

మన దగ్గరికెల్లి ఎంబీబీఎస్ చేసి అమెరికాకు పోయేటోళ్లకు ఇంకో ముడి ఉన్నది. దాని గురించి ఎవలూ ముందు చెప్పరు. నేను జెప్పిన కే08 గ్రాంటు అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నోళ్లకే ఇస్తరు. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసినోళ్లు సదువు ఒడిసినంక రెండేండ్లు స్వదేశానికి రావాలె, లేకుంటే డాక్టర్లు లేని ఏరియాల మూడేండ్లు వైద్యం చెయ్యాలె. ఎక్కువ మంది ఈ రెండోదే ఎంచుకుంటరు. ఆ మూడేండ్లు చిన్న ఊర్లె రోగులను చూసుకుంట ఉంటే ల్యాబు ఎక్కడిది? అందుకే అమెరికాల తెలుగు క్యాన్సర్ డాక్టర్లు దండిగ ఉన్నరు గాని, వాళ్లల్ల ల్యాబు నడిపేటోళ్లు వేళ్ల మీద లెక్క. తెలివి తక్కువై కాదు, తొవ్వ అట్ల కట్టిన్రు.

ఆ తొవ్వే లేని కాలంల పోయిన మనోడు ఒకాయన ఉన్నడు. ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895ల భీమవరంల పుట్టిండు. మద్రాసు మెడికల్ కాలేజీల చదివేటప్పుడు ఖద్దరు తొడిగిండు. తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చింది, ఎంబీబీఎస్ రాలే, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతుల పెట్టిన్రు. 1922ల బోస్టన్ చేరిండు. ఆ డిగ్రీతోని డాక్టరు కొలువు రాలే, దవాఖానల రాత్రిపూట పనోనిగ కుదిరి రోగుల మలమూత్రాల పాత్రలు కడిగిండు. పగలు హార్వర్డ్‌ల కెమిస్ట్రీ. 1925ల రక్తంల ఫాస్ఫరసును కొలిచే పద్ధతి ఒకటి ఫిస్కేతోని కలిసి ఇచ్చిండు, బయోకెమిస్ట్రీ పిల్లలు దాన్ని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే చదువుతరు. ఇంత చేసినా హార్వర్డ్ పక్కా కొలువు ఇయ్యలే. 1940ల లెడర్లీ అనే మందుల కంపెనీల చేరిండు. ఆయన జట్టు తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల దవాఖానల సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా వచ్చిన పసిపిల్లలకు ఇచ్చిండు. 16 మందిల 10 మందికి రోగం కొంతకాలం తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌ల ఆ వ్యాసం అచ్చయింది, ఆగస్టుల సుబ్బారావు సచ్చిపోయిండు. 53 ఏండ్లు. ఆ మందు చెల్లెలే మెథోట్రెక్సేట్. దాని పేరు యాదికి పెట్టుకోండ్రి, మళ్ల వస్తది.

మన దేశంల ఇప్పటి తొవ్వ సంగతి. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తోని కలిపి ఐదున్నరేండ్లు. జనరల్ మెడిసిన్‌ల ఎండీ మూడేండ్లు. మెడికల్ ఆంకాలజీల డీఎం ఇంకో మూడేండ్లు. ఒక్క ఏడు కూడ తప్పకుండ, మూడు నీట్లు మొదటిసారే కొడితే పదకొండున్నరేండ్లు. నడుమ కొన్ని రాష్ట్రాలల్ల సర్కారు బాండు. ఈ పదకొండున్నరేండ్లల్ల పరిశోధన అంటే ఎండీల ఒక థీసిసు, డీఎంల ఇంకొకటి. చానామంది దాన్ని సర్టిఫికెట్ కోసం పూర్తిచేస్తరు, నేను వాళ్లను తప్పుపట్ట. సర్కారు దవాఖాన ఓపీల కుర్చీల కెల్లి లేవకుండ మధ్యాహ్నం మూడు దాంక రోగులను చూసిన మనిషికి, రాత్రి డ్యూటీకి ముందు, ప్రశ్న అడిగే ఓపిక ఎక్కడికెల్లి వస్తది? అమెరికాల "నాలుగింట మూడొంతులు" అని కాగితం మీద రాయించుకున్నరు. మన దగ్గర ఆ మాట రాసిన కొలువులు చానా తక్కువ. నాకు తెలిసినంతల మన పిల్లలు ఈ తొవ్వకు రాకపోవడానికి అసలు కారణం ఇదే. రెండో కారణం అప్పు. ప్రైవేటు సీటుకు ఎకరాలు అమ్మినోళ్ల కొడుకు పరిశోధన అంటే అయ్య ముఖం ఎట్ల చూస్తడు?

అయినా చేస్తున్నోళ్లున్నరు. ముంబైల టాటా మెమోరియల్ 1941ల మొదలైంది. ఇప్పుడు కేంద్ర అణుశక్తి శాఖ కింద ఉన్నది. అక్కడి డాక్టర్లు ఒక చిత్రమైన ప్రశ్న అడిగిన్రు. నివోలుమాబ్ అని ఒక ఇమ్యూనోథెరపీ మందు ఉన్నది. తల, మెడ క్యాన్సర్లకు ఇస్తరు. మన దగ్గర పొగాకు, గుట్కాతోని నోటి క్యాన్సర్ ఎంతుందో చెప్పనక్కర లేదు. ఆ మందు మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. మనోళ్లల్ల దాన్ని కొనగలిగేటోళ్లు చానా తక్కువ. "మరి 20 మిల్లీగ్రాములే ఇస్తే?" ఇదీ ప్రశ్న. ఏ కంపెనీ అయినా తన మందు పదో వంతు కంటె తక్కువ అమ్మితే సాలా అని పరీక్ష చేసుకుంటదా? చెయ్యదు. గది అడగాలంటే, పైసల్లేక మందు మానేసి ఊరికి పోయిన రోగిని చూసిన డాక్టరే కావాలె.

151 మంది రోగులు. సగం మందికి నోటి ద్వారా వేసుకునే మూడు చవక మందులు, మిగిలిన సగానికి అవే మందులకు తోడు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్. 2022ల ఫలితం అచ్చయింది. ఏడాది తర్వాత బతికున్నోళ్లు మొదటి జట్టుల 16.3 శాతం, రెండో జట్టుల 43.4 శాతం. ఒక్క జాగ్రత్త. తక్కువ మోతాదు పూర్తి మోతాదుతోని సమానమని ఈ పరీక్ష చెప్పలే, ఆ రెండింటిని పోల్చలే. అసలే దొరకనోడికి ఈ కొంచెం దొరికితే ఎంత మేలో చెప్పింది. ఆ మూడు చవక మందులల్ల ఒకటి ఏందో తెలుసా? మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఇంటి బిడ్డ.

అట్లనే ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి కార్-టీ చికిత్సను మన దేశంలనే తయారుచేసినయి. రోగి రక్తంల కెల్లి కణాలు తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేటట్టు మార్చి, మళ్ల ఎక్కిస్తరు. 2023 అక్టోబరుల అనుమతి వచ్చింది. అమెరికాల కోట్లు, ఇక్కడ లక్షలల్ల. లక్షలు కూడ మనకు తక్కువేం కాదు, ఆ మాట దాచద్దు.

పరిశోధన అంటే అంతా మంచే అనుకోవద్దు. అప్పటి మన ఖమ్మం జిల్లా భద్రాచలం దిక్కు 2009ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ వేసే హెచ్‌పీవీ టీకా మీద ఒక అధ్యయనం నడిచింది. ఆడపిల్లలు, చానామంది హాస్టళ్లల్ల ఉండే గిరిజన పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు పెట్టిన్రు. కొందరు పిల్లలు సచ్చిపోయిన్రు. ఆ సావులు టీకా వల్లనే అనడానికి ఆధారం లేదని సర్కారు వేసిన విచారణ చెప్పింది. అయినా 2010 ఏప్రిల్‌ల ఆపేసిన్రు. సంతకాల తీరును 2013ల పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగ తప్పుపట్టింది. టీకా మంచిదే, దేశదేశాల పిల్లలకు వేస్తున్నరు. కాని అడగకుండ వేస్తే మంచి టీకా మీద కూడ నమ్మకం పోతది. ఇన్నేండ్లయినా ఆ దిక్కు హెచ్‌పీవీ అంటే జనం అనుమానంగ చూస్తరు. కోయ మాట తెలిసిన పిల్లనే ఆ అధ్యయనం నడిపిన డాక్టరయితే, వార్డెన్ చేత సంతకం పెట్టించేదా? తల్లి దగ్గర కూసొని, అర్థమయ్యేదాంక చెప్పి ఉండేది, తల్లి వద్దంటే వద్దనే రాసుకునేది. ఊరి పిల్లలు ఈ కొలువుకు పోవాలె అని నేను అనేది ఇందుకే. కులం సర్టిఫికెట్ చూసి దయ తలిచి సీటిచ్చుడు గురించి కాదు నేను మాట్లాడేది. ఆ పిల్లలకు తెలిసినది పరిశోధనకు అవసరం.

ఇంటరు చదివే తమ్ముండ్లు, చెల్లెండ్లు అడుగుతరు, మరి మేమేం చెయ్యాలె అని. సీటు వచ్చేదాంక సీటు మీదనే ఉండున్రి. వచ్చినంక ఐసీఎంఆర్ వాళ్ల స్వల్పకాల స్టూడెంట్‌షిప్ ఒకటి ఉన్నది, 1979 సంది నడుస్తున్నది. ఎంబీబీఎస్ చదువుకుంటనే రెండు నెలలు ఒక చిన్న పరిశోధన, పైసలు వాళ్లే ఇస్తరు. దానికి కాలేజీల ఒక గైడు కావాలె. మంచి గైడు ఎవలో సీనియర్లకు తెలుసు, మొదటి ఏడే అడగున్రి. పరిశోధన ఎట్ల చెయ్యాలన్న పాఠాలు చెన్నైల ఉన్న ఐసీఎంఆర్ సంస్థ నెట్‌ల ఫ్రీగ పెట్టింది, పీజీ పిల్లలకు అది తప్పనిసరి కోర్సు, ముందుగాల చూసినా ఎవలూ ఆపరు. ఎండీ, డీఎం అయినోళ్లకు పరిశోధనకు టైము కొనిపెట్టే ఫెలోషిప్పులు ఇచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు ఎక్కడో ఢిల్లీల లేదు, మన హైదరాబాద్‌లనే ఉన్నది. సీసీఎంబీ హబ్సిగూడల ఉన్నది. ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన రెడ్‌హిల్స్‌ల ఉన్నది. ఈ రెండింటి నడుమ సిటీ బస్సు తిరుగుతనే ఉంటది.